లాకు మలుపుకు నాపరాళ్ళు

కోనసీమ వెళ్ళొచ్చానంటే మా బేతంచెర్లలో అందరూ అడిగింది ఒకటే: "ఎట్లుంది సార్, అంతా పచ్చగానేనా?" పచ్చగానే ఉంది. కంటికి నొప్పి పుట్టేంత పచ్చగా ఉంది. కానీ నన్ను ఆ మాట అడిగినవాళ్ళకి ఆ పచ్చదనం గురించి పెద్దగా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో ఒక దసరా సెలవుల్లో వెళ్ళాను. చూడ్డానికి కాదు, రాళ్ళు తీసుకుని వెళ్ళాను.

రావులపాలెం

మా ఊరి గనుల్లో నాపరాయి తీస్తారు. అంచులు విరిగినవి, మధ్యలో పగిలినవి గని పక్కనే గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని మేము నిలువుగా పాతి చేలకు కంచెలు వేసుకుంటాం, గొడ్లపాకలకు గోడలుగా నిలబెట్టుకుంటాం. అంతకు మించి వాటికి విలువ లేదు.

గోదావరి జిల్లాలకు ఇళ్ళలో పరిచే రాళ్ళు తోలి, అక్కణ్ణుంచి కొబ్బరికాయలు తెచ్చే మస్తాన్ లారీలో ఆ విరుగుడు రాళ్ళు వేయించి, నేనూ ముందు సీటులో ఎక్కాను. మస్తాన్ దారంతా నన్ను ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. "ఈ తుక్కును ఇంత దూరం మోసేది నేనొక్కణ్ణే సార్ ఈ దేశంలో."

వశిష్ఠ వంతెన దాటి రావులపాలెంలో ఆగాం. అరటి గెలల గుట్టల మధ్య నుంచి దారి చేసుకుని ఒక కొబ్బరిబొండాల బండి దగ్గరకు వెళ్ళాం. మా ఊళ్ళో ఒక బొండాం ధరకు ఇక్కడ మూడు వచ్చాయి. బొండాలాయన మా లారీ వైపు చూసి, కొడవలి పక్కన పెట్టి, దగ్గరకు వెళ్ళి రాయిని చేత్తో నిమిరాడు.

"రాయేనండీ! ఎవరింటికండీ?"

"ఇంటికి కాదు, రోడ్డుకు. కొత్తపేట దగ్గర మలుపులో పాతడానికి."

"రోడ్డుకా అండీ?" అని నా ముఖం వైపు చూశాడు. నేను తమాషా చేస్తున్నాననుకున్నాడేమో.

అప్పుడు గమనించాను. ఎక్కడా ఒక్క రాయి లేదు. గోదావరి తెచ్చి పోసిన మట్టి మీద ఊళ్ళు, తోటలు, చేలు. కాలికి గులకరాయి కూడా తగలదు. మా దగ్గర నీళ్ళ కోసం రాయి పగలగొడతాం. వీళ్ళకు అడుగడుగునా నీళ్ళే, రాయి మాత్రం లారీలో రావాలి.

రావులపాలెం నుంచి దారి కాలువ గట్టు మీదే. కుడి ఎడమల్లో ఒకవైపు నిండుగా కాలువ, రెండోవైపు పల్లంలో చేలు, మధ్యలో ఒక బండి పట్టే తారు. ఎదురుగా బస్సు వస్తే మస్తాన్ లారీ చక్రాన్ని గట్టు అంచుకు దించి, తల బయటకు పెట్టి కిందకు చూసేవాడు. అతని ఎగతాళి రెండో బస్సుతోనే ఆగిపోయింది. "అంచు ఏడుందో ఎట్లా తెలుస్తాది సార్ వీళ్ళకు?" అన్నాడు. "గడ్డి ఉన్నంత మేర గట్టే అనుకుంటే నీళ్ళల్లో ఉంటాం."

కొత్తపేట

నన్ను రాళ్ళు అడిగినవాడు సోమయాజులు. కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. వాళ్ళది వేదం చెప్పుకునే కుటుంబం. తండ్రి దాకా అందరూ ఘనపాఠీలే, ఈయనొక్కడే లెక్కల్లోకి వచ్చాడు. తిరుపతిలో ఉపాధ్యాయుల శిక్షణప్పుడు మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. తరవాత ఒకసారి మా ఊరు వచ్చి, చేల చుట్టూ నిలబెట్టిన నాపరాళ్ళను చూసి, వాటి మధ్య చాలాసేపు నడిచాడు. అప్పటికి ఆయనకు కూతురు ఉంది.

ఆ పిల్ల పేరు పార్వతి. తొమ్మిదో తరగతి. పెళ్ళినుంచి ఆ పిల్ల తిరిగొస్తున్న టాక్సీలో పదకొండు మందిని ఎక్కించారు. లాకు దగ్గర మలుపులో బస్సు ఎదురొచ్చింది. టాక్సీ డ్రైవరు గడ్డి ఉన్నంత మేర గట్టే అనుకున్నాడు. అది జరిగి రెండేళ్ళు. అప్పటినుంచి సోమయాజులు ఆ మలుపు కోసం తిరగని చోటు లేదు. రోడ్డు వెడల్పు చెయ్యమని అడగలేదు, వంతెన కట్టమని అడగలేదు. అంచు ఇదీ అని తెలిసేలా సున్నం కొట్టిన రాళ్ళు వరసగా పాతమని మాత్రమే అడిగాడు. ఒకసారి పంచాయతీ వాళ్ళు కొబ్బరి దుంగలు పాతారట. వానల్లో కుళ్ళి అవే కాలువలో పడ్డాయి. ఆ తరవాత నాకు కబురు వచ్చింది.

వాళ్ళింట్లో భోజనం గురించి చెప్పకపోతే మహాలక్ష్మమ్మగారు బాధపడతారు. పనసపొట్టు కూర, కంద బచ్చలి, కొబ్బరి పచ్చడి, చివర గడ్డపెరుగు. జొన్నరొట్టె మీద పచ్చిమిరప కారం వేసుకుని లేచిపోయే మాకు అంతసేపు విస్తరి ముందు కూర్చోవడమే కొత్త. వద్దన్నకొద్దీ వడ్డిస్తారు. వడ్డిస్తూనే ఆవిడ మెల్లిగా అన్నారు: "ఆయన నిద్దట్లో కూడా రాళ్ళే కలవరిస్తున్నారండీ అన్నయ్యగారూ. ఇవి పాతేస్తే కాస్త కునుకు పడుతుందేమోనని చూస్తున్నాను."

సోమయాజులు వినిపించుకోనట్టు అన్నం కలుపుకుంటూ ఉన్నాడు.

ఇంకో సంగతి. ఆ వైపు ఏం చెప్పినా "ఆయ్" అంటారు. మొదటిరోజంతా నేను ఎంత సంబరపడ్డానో! నేను అన్న ప్రతిదానికీ ఒప్పుకుంటున్నారే అనుకున్నాను. కాదు. ఆయ్ అంటే ఒక్కోసారి సరే అని, ఒక్కోసారి మీ మాట వింటున్నాను అని మాత్రమే. ఈ తేడా తెలియక నేను మోసపోయింది తరవాత చెబుతాను.

లాకు మలుపు

కాలువ మీద పడవలు ఎక్కి దిగే లాకు దగ్గర రోడ్డు ఒక్కసారిగా మోచేయిలా వంగుతుంది. తోటల గుబురులో ఎదుటి బండి కనపడదు. రాళ్ళు దింపించి, మస్తాన్ కొబ్బరికాయల లోడుకు అంబాజీపేట వెళ్ళిపోయాడు. గోతులు తవ్వడానికి మనుషులు ఎక్కడ దొరుకుతారా అని చూస్తుంటే సత్తిబాబు తనే వచ్చాడు. అక్కడికి దగ్గర్లో ఇల్లు. పాతికేళ్ళు దాటని మనిషి, గునపం భుజాన వేసుకుని వచ్చాడు.

"మస్కట్ వీసా కోసం చూత్తన్నానండీ. ఖాళీగా కూకుని కూకుని ఒళ్ళు తీపులు పుడతన్నాయండి. నేను తవ్వుతానండీ మాస్టారూ, కూలేం వద్దండి."

"మస్కట్‌లో ఏం పనయ్యా?" అని అడిగాను.

"రోడ్ల పనేనంటండీ," అని నవ్వాడు. "అక్కడ కారు వంద మీద పోతాదంటండి, మంచినీళ్ళు ఒలకవంట."

గోతులన్నీ అతనే తవ్వాడు. దారినపోయేవాళ్ళను కలుపుకుని రాయిని నలుగురం పట్టి దింపితే, అతను చుట్టూ మట్టి పోసి కాళ్ళతో తొక్కేవాడు. అతని భార్య వీరవేణి మాకు మజ్జిగ తెచ్చింది. ముక్కుకు చిన్న రాయి, చేతినిండా మట్టిగాజులు. ఆ అమ్మాయి పనైనంతసేపూ ఒక పగిలిన రాయి వైపే చూస్తూ నిలబడి, చివరికి అడిగేసింది. "ఆ ముక్క ఇత్తారా అండీ? రేవులో బట్టలుతుక్కోడానికి. తాటిమొద్దు మీద ఉతికితే నాచు అంటుకుంటుందండి."

"తీసుకో అమ్మా," అన్నాడు సోమయాజులు. ఆ రోజు ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను. సత్తిబాబు రాయెత్తి ఆమె నెత్తిన పెడితే, ఇంటికి బంగారం పట్టుకుపోతున్నట్టు పోయింది.

నవ్వించడంలో నా వంతూ ఉంది. చేలకు నీళ్ళు పారే పంటబోదె మీద అడ్డంగా వేసిన కొబ్బరిదుంగ దాటబోయి నడుము లోతు నీళ్ళలో పడ్డాను. మా సీమవాడికి అలవాటు లేని వంతెన. పిల్లాజెల్లా అందరూ దాని మీద పరిగెత్తుతూ దాటుతున్నారు. సోమయాజులు తప్ప అందరూ పక్కుమన్నారు, నాకూ నవ్వొచ్చింది.

సాయంత్రానికి మలుపు పొడుగునా రాళ్ళు నిలబడ్డాయి. సున్నం కొట్టాం. ఎదురుగా వచ్చిన బస్సు డ్రైవరు బ్రేకు వేసి, నెమ్మదిగా మలుపు తిరిగి, చేతిని నుదుటికి ఆనించి మా వైపు చూసి వెళ్ళాడు. సోమయాజులు ఆ బస్సు కనపడకుండా పోయేదాకా చూశాడు.

అంతలో గట్టు కాపలా లస్కరు సైకిల్ మీద వచ్చాడు. కాలువల ఆఫీసు మనిషి. రాళ్ళను ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"మంచి పనేనండీ మాస్టారూ. కానండీ, గట్టు మాదండి. అడగాలి కదండీ. గట్టులో గోతులు తవ్వితే నీరు ఊరతాదండి. గండి పడితే నా ఒక్కడి ఉద్యోగం కాదండీ, ఊళ్ళు పోతాయండి."

అతను చెప్పింది అబద్ధం కాదు. అందుకే మర్నాడు అమలాపురం బస్సెక్కాం.

అమలాపురం

అమలాపురంలో రెండు ఆఫీసులకు వెళ్ళాం. రోడ్డు చూసే ఆఫీసులో ఇంజనీరుగారు కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించారు. అంతా విని, "రోడ్డంటే తారు వరకేనండీ మాది. అంచు కాలవలవాళ్ళది. వాళ్ళు ఊఁ అంటే మాకేం అభ్యంతరం లేదండీ," అన్నారు. కాలువలు చూసే ఆఫీసులో ఇంజనీరుగారు ఇంకా మర్యాదస్తుడు. "రోడ్డువాళ్ళు మాకు రాయాలండీ. మేం పైకి రాస్తాం. వాళ్ళు వచ్చి గట్టు చూడాలండి."

"అంతదాకా రాళ్ళను ఉండనివ్వండి సార్," అన్నాడు సోమయాజులు. "అక్కడ ఇప్పటిదాకా పోయినవాళ్ళ పేర్లు చెప్పమంటారా?"

"అయ్యో, వద్దండీ. నాకు తెలుసండీ."

"అయితే ముట్టుకోరు కదా సార్?" అని నేను అడిగాను.

"ఆయ్," అన్నారాయన.

నేను సంతోషంగా లేచి నిలబడ్డాను. సోమయాజులు మాత్రం ఆయన ముఖం వైపే ఇంకాసేపు చూశాడు. ఆ 'ఆయ్' సరే అన్నదో, విన్నానన్నదో అక్కడే పుట్టి పెరిగిన ఆయనకు కూడా తేలలేదనుకుంటాను. బయటికొచ్చాక, "ఒప్పుకున్నాడు కదా?" అన్నాను. "ఒప్పుకునే ఉంటాడండీ," అన్నాడు.

బజారులో కొబ్బరినార తాళ్ళు, గంధం రాసినట్టుండే ఇత్తడి బిందెలు, మురమళ్ళలో స్వామి కల్యాణం చేయించడానికి పోతున్న కొత్త దంపతులు. వీరేశ్వరస్వామికి రోజూ పెళ్ళి చేస్తారక్కడ. మా దగ్గర దేవుడికి ఏడాదికి ఒక్కసారే. పసుపుబట్టల్లో ఉన్న ఆ జంట ఒక టాక్సీలో మరో తొమ్మిదిమందితో ఇరుక్కుని కూర్చుంటుంటే సోమయాజులు తల తిప్పుకున్నాడు.

రాజోలు

పనైపోయిందన్న ధీమాతో రాజోలు వెళ్ళాం. అక్కడ సోమయాజులు మేనమామ డాక్టరు. వాళ్ళ వీధి చివర కూడా ఇలాంటి మలుపే ఒకటుంది, దానికీ రాళ్ళు తెప్పించాలని ఆయన ఆశ. దారిలో గన్నవరం దగ్గర కింద గోదావరి పాయ, దాని మీద రాతికమానుల మీదుగా కాలువ, పక్కన మనం. నది మీద నది పోతుంటే నేను బస్సులో లేచి నిలబడిపోయాను. పక్కనున్న పెద్దావిడ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "ఏ ఊరండీ మీది?" అంది. చెప్పాను. "అక్కడ నీళ్ళుండవంటగా అండీ పాపం," అని తన సంచిలోంచి ఒక కొబ్బరి ఉండ తీసి నా చేతిలో పెట్టింది.

రాజోల్లో వాన పట్టుకుంది. మా ఊళ్ళో వాన వస్తే బయటికొచ్చి చూస్తాం. ఇక్కడ తలుపులు వేసుకుంటారు. డాక్టరుగారు మేం పాతిన రాళ్ళ గురించి అడిగి అడిగి చెప్పించుకున్నారు. "ఎంత సులువండీ! ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళు పట్టిందా?" అన్నారు. రాజోలు మలుపుకు ఎన్ని రాళ్ళు కావాలో సోమయాజులు వానలోనే గొడుగేసుకుని వెళ్ళి అడుగులు వేసి కొలుచుకొచ్చాడు. తిరుగు బస్సులో ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. మహాలక్ష్మమ్మగారు కోరుకున్న కునుకు అదేననుకున్నాను.

మళ్ళీ మలుపు దగ్గర

చీకటి పడే వేళకు లాకు దగ్గర దిగాం. రాళ్ళు లేవు.

అన్నిటినీ పీకేశారు. రోడ్డుకు లోపలివైపు, చేల పక్కనున్న కాస్త జాగాలో గుట్టగా పోసి ఉన్నాయి. సున్నం కారి తెల్లటి చారలు రోడ్డు మీదకు పారుతున్నాయి. లస్కరు పాక ముందే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి దగ్గరకు వచ్చాడు.

"పైనుంచి మాటొచ్చిందండీ. వానకి గట్టు మెత్తబడిందండి. అవి బరువండీ. గోతుల్లోంచి నీరు ఊరిందండి, నా కళ్ళతో చూసేను."

"రోడ్డు పక్కనే పోశారేం?" అన్నాను నేను గట్టిగానే.

"పొద్దున్నే బండి వస్తుందండీ తీసుకుపోడానికి. గోతులు కూడా పూడ్చేత్తారండి."

సోమయాజులు కాలువ అంచున వరసగా ఉన్న గోతుల దగ్గర కూర్చుని ఒకదాంట్లో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా నీళ్ళే. పైకి చూస్తే మామూలు వాననీటి మడుగులా ఉంది. గోతులు పూడ్చి గుట్టను పక్కకు జరుపుదామంటే ఆ వానలో, ఆ మసకలో, రాయికి నలుగురు మనుషులు దొరకరు. సత్తిబాబు ఇంటికి వెళ్ళాం. పొద్దున్నే మరో ఇద్దర్ని తీసుకొస్తాననీ, ముందు వీరవేణిని కొత్తపేట ఆసుపత్రిలో చూపించి వచ్చేస్తాననీ చెప్పాడు. ఆ అమ్మాయికి జ్వరం. గడపలో దుప్పటి కప్పుకుని కూర్చుని, "లోపలికి రండయ్యా, తడిసిపోతన్నారు," అంది.

మర్నాడు తెల్లారాక మేం పారలు తీసుకుని బయల్దేరుతుంటేనే లాకు వైపు నుంచి జనం పరిగెత్తుకొచ్చారు.

చూసినవాళ్ళు చెప్పింది ఇదీ. సత్తిబాబు సైకిల్ తొక్కుతున్నాడు, వీరవేణి వెనక క్యారేజీ మీద కూర్చుంది. మలుపులోంచి ఇటుకల లారీ వచ్చింది. లోపలివైపుకు దిగుదామంటే రాళ్ళ గుట్ట. కాలువ వైపుకు తిప్పాడు. ముందు చక్రం ఒక గోతిలో పడింది. ఇద్దరూ నీళ్ళలోకి వెళ్ళారు. సత్తిబాబు ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చి, మళ్ళీ దూకి, మళ్ళీ వచ్చి, మళ్ళీ దూకాడు. దుప్పటి చుట్టుకున్న మనిషి ఆ వరదలో దొరకలేదు. లాకు తలుపుల దగ్గర దొరికింది.

మేం వెళ్ళేసరికి ఆమెను గట్టు మీద పడుకోబెట్టి ఎవరో చీర కప్పారు. సత్తిబాబు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. సోమయాజులు అతని ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. సత్తిబాబు తిడతాడేమో, కొడతాడేమో అని నేను పక్కనే ఉన్నాను. అలా చేసి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

సత్తిబాబు తలెత్తి చూశాడు. "మీరు మంచికే తెచ్చేరండీ మాస్టారూ," అన్నాడు. కాస్త ఆగి, "ఆ గొయ్యి నేను తవ్విందేనండి," అన్నాడు.

సోమయాజులు బురదలో అతని పక్కనే కూర్చున్నాడు. లస్కరు కూడా తలపాగా తీసి చేత్తో పట్టుకుని దూరంగా నిలబడి ఏడుస్తున్నాడు.

మధ్యాహ్నానికి బండి వచ్చింది. గంటలో గోతులు పూడ్చేశారు. రాళ్ళను ఎత్తి ఎక్కడికో తీసుకుపోయారు. రెండు ఆఫీసుల వాళ్ళూ వచ్చి, మలుపు చూసి, ఒకరితో ఒకరు మర్యాదగా మాట్లాడుకుని వెళ్ళారు.

కొత్తపేట నుంచి బయల్దేరుతూ

మరో రెండురోజులు ఆ ఇంట్లో ఉన్నాను. మహాలక్ష్మమ్మగారు వడ్డించేవారు, నేను వద్దనకుండా తినేవాణ్ణి. ఒకసారి పెరట్లో గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండానే అన్నారు: "మా పార్వతి పోయినప్పుడు ఆ డ్రైవరు మీద, ఆ రోడ్డు మీద కోపం పెట్టుకునేవాళ్ళం అన్నయ్యగారూ. ఆ కోపంతోటే ఈ రెండేళ్ళూ లేచి తిరిగేరాయన. ఇప్పుడెవరి మీద పెట్టుకోమంటారు?"

రాళ్ళు పాతినవాళ్ళదే తప్పని గానీ పీకినవాళ్ళదే తప్పని గానీ అనలేను. గట్టు తెగితే పోయేది నిజంగానే ఊళ్ళు. కానీ ఒక అంచును చూపించడానికి ఇంతమంది మంచివాళ్ళు కలిసీ చేతకాకపోతే, ఇంక ఏది చేతనవుతుంది మనకు?

సత్తిబాబుకు వీసా వచ్చిందని ఆ సాయంత్రమే తెలిసింది. పదకొండోరోజు కాగానే బొంబాయి వెళ్తాడట. "ఇక్కడుండి ఏం చెయ్యనండీ," అన్నాడట ఎవరితోనో.

నేను బయల్దేరే రోజు సోమయాజులు తెల్లవారకముందే ఎక్కడికో వెళ్ళిపోయాడు. బడి ఇంకా తెరవలేదు. "ఎదురవుతారు లెండి దార్లో," అన్నారు మహాలక్ష్మమ్మగారు. పనసతొనలు మూటగట్టి ఇచ్చి, వీధి చివరిదాకా వచ్చి సాగనంపారు.

ఊళ్ళో బస్టాండు దాకా వెళ్ళే ఓపిక లేక లాకుకు ఇవతల చెట్ల దగ్గరే రావులపాలెం బస్సెక్కాను. మలుపు దగ్గర పడుతుంటే డ్రైవరు గట్టిగా హారన్ కొట్టాడు. "ఇదొకటి వచ్చి పడిందండీ," అన్నాడు పక్కనున్న కండక్టరుతో. తల ముందుకు వంచి చూశాను. కాలువ అంచున, మేం నిలబెట్టలేకపోయిన రాయి ఉండాల్సిన చోట, సోమయాజులు నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ పైకి పంచె, చేతిలో తెల్లటి ఉత్తరీయం. దాన్ని ఊపుతూ బస్సును లోపలివైపుకు రమ్మని చూపిస్తున్నాడు. డ్రైవరు బ్రేకు వెయ్యలేదు. చక్రాలు మడుగులోంచి పోయి ఆయన మీద బురదనీళ్ళు చిమ్మాయి. ఆయన కదల్లేదు.

కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పేరు పెట్టి పిలిచాను. ఆయన నా చేతి వైపు చూడలేదు. బస్సు వెనక చక్రం వైపు, అది అంచుకు ఎంత దూరంలో పోతోందా అని, చూస్తున్నాడు.